లైసెన్స్ ఉల్లంఘన: రద్దు నోటీసు పంపే ముందు తేల్చుకోవాల్సినవి

అందరూ చూసేలా మీరు పెట్టిన ప్రశ్న చదివాక, నాకు అర్థమైనంతవరకు మీ సంగతి ఇది. మీ చిన్న కంపెనీ తయారుచేసిన ఇమేజ్ ప్రాసెసింగ్ ఇంజిన్‌ని ఒక పెద్ద కంపెనీకి లైసెన్స్ ఇచ్చారు. వాళ్ల ఒకే ఒక్క ప్రొడక్ట్‌లో వాడుకోవాలి, అమ్మిన ప్రతి పరికరానికీ రాయల్టీ కట్టాలి. తర్వాత వాళ్లు ఇంకో కంపెనీని కొన్నారు. ఇప్పుడు ఆ కొన్న కంపెనీ ప్రొడక్ట్‌లో కూడా మీ ఇంజిన్ కనబడింది, మూడు నెలలకోసారి వచ్చే రాయల్టీ స్టేట్‌మెంట్లలో మాత్రం దాని ఊసే లేదు. అడిగితే లైసెన్స్ అనుబంధ సంస్థలకీ వర్తిస్తుందని ఒక్క ముక్కలో జవాబిచ్చి ఊరుకున్నారు. మీరు అడిగినవి మూడు: వెంటనే లైసెన్స్ రద్దు చేయొచ్చా, కేసు వేస్తే ఎంత వస్తుంది, మీ లైసెన్స్ సర్వర్ నుంచే ఇంజిన్‌ని ఆపేయొచ్చా.

నేను లాయర్ని కాను. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో లైసెన్సింగ్ వైపు చాలా ఏళ్లు పనిచేశాను, ఒప్పందాలు రాయించడం, అవి చెడినప్పుడు లాయర్లకి పాత కాగితాలన్నీ వెతికి ఇవ్వడం నా పని. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి మీ ఒప్పందంలో ఏ దేశ చట్టం వర్తిస్తుందని రాసుందో ముందు చూసుకుని, అక్కడి లాయర్‌తో మాట్లాడాకే అడుగు వేయండి.

మూడో ప్రశ్నకి జవాబు చిన్నది, అదే ముందు చెప్పేస్తాను: ఆపకండి. దూరం నుంచి ఆపే హక్కు ఒప్పందంలో స్పష్టంగా ఉంటే తప్ప ఆ పని మీ మెడకే చుట్టుకుంటుంది. లైసెన్స్ ఇంకా అమల్లో ఉండగా వాళ్ల అసలు ప్రొడక్ట్ కూడా ఆగిపోయిందనుకోండి, ఒప్పందం ఉల్లంఘించింది మీరే అవుతారు, వాళ్ల కస్టమర్లకి జరిగిన నష్టం కూడా మీ ఖాతాలోకే వస్తుంది, కొన్ని దేశాల్లో అయితే అనుమతి లేకుండా వేరేవాళ్ల కంప్యూటర్ల జోలికెళ్లారని క్రిమినల్ చట్టం దాకా పోవచ్చు. ఇప్పటిదాకా తప్పంతా వాళ్ల వైపే ఉంది, దాన్ని అలాగే ఉండనివ్వండి.

ఇక రద్దు. కోపంలో అందరికీ మొదట తోచేది ఇదే, తొందరపడి చేస్తే ఎక్కువగా దెబ్బతినేదీ ఇక్కడే. రద్దు చేసే హక్కు ఎప్పుడొస్తుందో ఒప్పందంలోనే ఉంటుంది. సాధారణంగా ఉల్లంఘన తీవ్రమైనది అయ్యుండాలి, దాని గురించి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, సరిదిద్దుకోవడానికి 30 రోజులో 60 రోజులో గడువు ఇవ్వాలి, ఆ గడువు దాటినా సరిచేయకపోతేనే రద్దు. ఇందులో ఒక్క మెట్టు దాటేసినా, నోటీసు కొరియర్‌లో ఫలానా హోదాలో ఉన్నవాళ్లకి పంపాలని ఉంటే మీరు ఈమెయిల్‌తో సరిపెట్టినా, రద్దు చెల్లదని వాళ్లు వాదిస్తారు. ఆ వాదన నెగ్గితే హక్కు లేకుండా ఒప్పందాన్ని తెంచేసినవాళ్లు మీరవుతారు, వాళ్లు మీ మీద ఎదురు దావా వేస్తారు, పాము చావకపోగా కర్ర విరుగుతుంది. పైగా రద్దు ఉత్తరం ఒకసారి వెళ్లాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం, అసలు ప్రొడక్ట్ మీద సవ్యంగా వస్తున్న రాయల్టీ కూడా ఆ రోజు నుంచి ఆగిపోతుంది. ఉల్లంఘన నోటీసు వేరు, రద్దు నోటీసు వేరు. ఇప్పుడు మీకు కావాల్సింది మొదటిది మాత్రమే.

ఆ నోటీసులో ఏం రాయాలో తెలియాలంటే అంతకంటే ముందు ఒక ప్రశ్న తేలాలి. నా లెక్కలో మీ కేసు మొత్తం దీని మీదే నడుస్తుంది. వాళ్లు చేసింది లైసెన్స్ ఇచ్చిన పరిధి దాటిపోవడమా, లేక పరిధిలోనే ఉంటూ ఇచ్చిన మాట తప్పడమా?

బయటివాళ్లకి రెండూ ఒకటే అనిపిస్తాయి, కోర్టులో కావు. లైసెన్స్ అంటే మీ కాపీరైట్‌ని ఫలానా హద్దుల్లో వాడుకుంటే దావా వేయనని మీరిచ్చిన అనుమతి. ఆ హద్దు దాటిన వాడకానికి అనుమతే లేదు, కాబట్టి అది కాపీరైట్ ఉల్లంఘన, లైసెన్స్ లేనివాడు కాపీ చేసినట్టే. రాయల్టీ ఆలస్యంగా కట్టడం, స్టేట్‌మెంట్ పంపకపోవడం లాంటివి చాలావరకు హద్దులు కావు, విడిగా చేసిన వాగ్దానాలు. వాటిని తప్పితే అది ఒప్పంద ఉల్లంఘన మాత్రమే. మొదటి దారిలో ఇంజంక్షన్, అంటే ఆ వాడకం ఆపమనే కోర్టు ఆదేశం, దొరికే అవకాశం ఎక్కువ, వాళ్ల లాభాల్లో వాటా అడగొచ్చు, ఒప్పందంలో మీ ఇద్దరి బాధ్యతకి పెట్టుకున్న పరిమితి కూడా చాలాసార్లు మేధోసంపత్తి ఉల్లంఘనకి వర్తించదని రాసుంటుంది. రెండో దారిలో మీకు మిగిలేది ఒప్పంద నష్టపరిహారం, అది కూడా ఆ పరిమితికి లోబడి.

ఈ తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే సన్ మైక్రోసిస్టమ్స్, మైక్రోసాఫ్ట్ జావా గొడవ చదవండి. 1996లో సన్ తన ప్రోగ్రామింగ్ వ్యవస్థ జావాని మైక్రోసాఫ్ట్‌కి లైసెన్స్ ఇచ్చింది, మైక్రోసాఫ్ట్ తయారుచేసే జావా సన్ పెట్టే అనుకూలత పరీక్షలు నెగ్గాలని ఒప్పందం. అలా జరగలేదని 1997లో సన్ దావా వేసింది. 1998 నవంబర్‌లో కింది కోర్టు కాపీరైట్ ఉల్లంఘన కింద తాత్కాలిక ఇంజంక్షన్ ఇచ్చింది కూడా. కానీ 1999లో అప్పీలు కోర్టు దాన్ని పక్కనపెట్టేసింది. అనుకూలత క్లాజు లైసెన్స్ పరిధికి పెట్టిన హద్దా, విడి వాగ్దానమా అనేది తేల్చకుండా కాపీరైట్ ఇంజంక్షన్ ఎలా ఇస్తారన్నది అప్పీలు కోర్టు అభ్యంతరం. తిరిగి చూసిన కింది కోర్టు అది విడి వాగ్దానమేనని 2000లో తేల్చింది, కాపీరైట్ కింద ఇంజంక్షన్ నిరాకరించి అన్యాయపు పోటీ చట్టం కింద ఇచ్చింది. 2001 జనవరిలో మైక్రోసాఫ్ట్ 2 కోట్ల డాలర్లు కట్టేలా రాజీ కుదిరింది. ఉల్లంఘన జరిగిందా లేదా అన్నది ఒక ఎత్తు అయితే, అది ఏ రకం ఉల్లంఘన అన్న దాని మీదే మూడేళ్లలో చాలా భాగం పోయింది.

దీనికి అటువైపు ఉదాహరణ 2008లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు తేల్చిన జేకబ్‌సన్, క్యాట్జర్ కేసు. మోడల్ రైళ్లను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్, అందులో డబ్బు ప్రసక్తే లేదు. అసలు రచయితల పేర్లు ఉంచితేనే, చేసిన మార్పులు చెబితేనే వాడుకోవచ్చని లైసెన్స్‌లో ఉంది, ఎదుటివాడు అవి పాటించలేదు. అనుమతిని ఆ షరతులకి ముడిపెట్టి రాశారు కాబట్టి అవి నిజమైన షరతులేనని, తప్పితే కాపీరైట్ ఉల్లంఘన కిందికి వస్తుందని కోర్టు చెప్పింది. క్లాజు ఎలా రాశారన్న దాని మీదే ఫలితం తిరిగింది. అలాగని ప్రతి నిషేధాన్నీ షరతని రాసేసినా సరిపోదు: 2010లో బ్లిజార్డ్ కంపెనీ గేమ్‌లో బాట్లు (మనిషి బదులు ఆట ఆడే ప్రోగ్రాములు) వాడకూడదన్న నిబంధన తప్పితే అది ఒప్పందం కిందకే వస్తుంది, కాపీరైట్ కిందకి రాదని అమెరికాలోని నైంత్ సర్క్యూట్ అప్పీలు కోర్టు అంది, ఎందుకంటే బాట్ నడపడం వల్ల కాపీ చేయడం లాంటి కాపీరైట్ హక్కేదీ తగల్లేదు. యూరప్‌లో పరిస్థితి కొంచెం వేరు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫ్రాన్స్ టెలికాం కంపెనీ ఫ్రీ మొబైల్ మీద వేసిన కేసులో 2019 డిసెంబర్‌లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, సాఫ్ట్‌వేర్ కాపీరైట్‌కి సంబంధించిన లైసెన్స్ క్లాజుని ఉల్లంఘించినా హక్కుదారుకి మేధోసంపత్తి చట్టం ఇచ్చే రక్షణలు దక్కాలని చెప్పింది. అందుకే ఏ దేశ చట్టం అన్నది ముందు చూసుకోమన్నాను.

మీ విషయంలో నా అంచనా: ఫలానా ప్రొడక్ట్‌లో మాత్రమే అన్న మాట లైసెన్స్ ఇచ్చే క్లాజులోనే ఉంటే మీరు గట్టి నేల మీద ఉన్నట్టే, రెండో ప్రొడక్ట్‌లోకి ఇంజిన్‌ని కాపీ చేయడం సూటిగా పరిధి దాటడమే. ఆ మాట ఎక్కడో వెనకాల అనుబంధ పత్రంలో రాయల్టీ పట్టిక పక్కన మాత్రమే ఉంటే, ఆ పట్టిక ధర చెప్పడానికే గానీ హద్దు పెట్టడానికి కాదని వాళ్లు వాదిస్తారు, అది అంత తీసిపారేయదగ్గ వాదనేమీ కాదు.

అనుబంధ సంస్థల మాటకొస్తే, వాళ్ల ఒక్క ముక్క జవాబు చూసి భయపడకండి, అలాగని నవ్వుకోవద్దు కూడా. నిర్వచనం తీసి చూడండి. సంతకం పెట్టిన రోజున ఉన్న అనుబంధ సంస్థలా, ఆ తర్వాత ఎప్పుడు చేరినవైనా సరేనా? తర్వాత కొన్నవి కూడా వస్తాయని ఉన్నా మీ వాదన ఇంకా బతికే ఉంటుంది, ఎందుకంటే ఎవరు వాడొచ్చు అన్నది వేరు, దేంట్లో వాడొచ్చు అన్నది వేరు. అనుబంధ సంస్థకి లైసెన్స్ ఉన్నంత మాత్రాన ఒక్క ప్రొడక్ట్ రెండు ప్రొడక్టులు అయిపోవు. మీ నోటీసులో ఈ రెండిటినీ విడివిడిగా పెట్టాలి, ఒకటి ఓడినా రెండోది నిలబడేలా. కంపెనీలు చేతులు మారినప్పుడు లైసెన్స్ ఎటుపోతుందన్నది ఎంత చిక్కో చెప్పడానికి చిప్ డిజైన్లు లైసెన్స్ ఇచ్చే ఆర్మ్, చిప్‌లు చేసే క్వాల్‌కామ్ మధ్య కేసు చాలు. 2021లో క్వాల్‌కామ్ దాదాపు 140 కోట్ల డాలర్లకి నువియా అనే చిప్ కంపెనీని కొంది. నువియాకున్న లైసెన్స్ తన అనుమతి లేకుండా బదిలీ కాదని ఆర్మ్ 2022లో దావా వేసింది. 2024 డిసెంబర్‌లో డెలావేర్ జ్యూరీ క్వాల్‌కామ్ చిప్‌లు దాని సొంత లైసెన్స్ కిందకే వస్తాయని చెప్పింది, నువియా ఉల్లంఘించిందా అన్న ప్రశ్న మీద మాత్రం ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. ఇద్దరి దగ్గరా పెద్ద లాయర్లే, లక్షల పేజీల కాగితాలు తిరగేసే స్తోమతే, అయినా ఫలితం ముందుగా చెప్పగలిగింది కాదు.

మాటల నిర్వచనం దగ్గర కంపెనీలు ఎంత పోగొట్టుకోగలవో ఇంగ్లండ్‌లో 2017లో వ్యాపార సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎస్‌ఏపీకీ, మద్యం కంపెనీ డియాజియోకీ మధ్య వచ్చిన తీర్పులో కనిపిస్తుంది. డియాజియో తన కస్టమర్లు ఆర్డర్లు పెట్టుకునే కొత్త వ్యవస్థని సేల్స్‌ఫోర్స్ అనే వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్ మీద కట్టుకుంది, అది వెనకాల ఎస్‌ఏపీతో మాట్లాడుతుంది. కస్టమర్లు ఎస్‌ఏపీ తెరని చూడనైనా చూడరు. అయినా అది పరోక్షంగా వాడినట్టేనని, దానికి లైసెన్స్ రుసుము చెల్లించాలని కోర్టు అంది. ఎస్‌ఏపీ అడిగింది 5.4 కోట్ల పౌండ్ల పైచిలుకు. ఎంత కట్టాలన్నది ఆ తీర్పులో తేల్చలేదు గానీ, బాధ్యత మాత్రం ఖాయమైంది.

ఇప్పుడు మీరు అడగని ఒక విషయం, అడిగినవాటికంటే అర్జెంటుది. ఉల్లంఘన తెలిశాక కూడా మీరు వాళ్ల రాయల్టీ చెక్కులు మామూలుగా తీసుకుంటున్నారా? ఏమీ అనకుండా డబ్బు తీసుకుంటూ పోతే, మీరు చూసీ చూడనట్టు వదిలేశారని, హక్కు వదులుకున్నట్టేనని రేపు వాళ్ల లాయర్ అంటాడు. హక్కు వదులుకోవడం రాతపూర్వకంగా ఉంటేనే చెల్లుతుందన్న క్లాజు మీ ఒప్పందంలో ఉండే ఉంటుంది, అది కొంత కాపాడుతుంది, పూర్తిగా కాదు, నడత చూసి ఆ క్లాజునే వదులుకున్నారని తేల్చిన సందర్భాలు ఉన్నాయి. అందుకని ఈ వారమే ఒక చిన్న ఉత్తరం: ఈ చెల్లింపుని ఫలానా ప్రొడక్ట్ కింద మాత్రమే జమ చేసుకుంటున్నాం, మిగతా హక్కులన్నీ అలాగే ఉంచుకుంటున్నాం. రెండు వాక్యాలు చాలు. ఆవేశపు మాట ఒక్కటీ వద్దు, ఆ ఉత్తరాన్ని చివరికి చదివేది జడ్జి అనుకుని రాయండి.

సాక్ష్యం విషయంలో మీవాళ్లందరికీ ఏదీ చెరపొద్దని ఇవాళే చెప్పండి. మెయిళ్లు, చాట్లు, లైసెన్స్ కీ యాక్టివేషన్ లాగ్‌లు, ఏ వెర్షన్‌ని ఏ రోజు ఎవరు డౌన్‌లోడ్ చేసుకున్నారన్న రికార్డు, ఒప్పందానికి ముందు బేరాలప్పటి చిత్తుప్రతులు, అన్నీ. లాగ్‌లు కొన్నాళ్లకి వాటంతటవే చెరిగిపోయేలా సెట్ చేసి ఉంటే దాన్ని ఆపించండి, చాలామంది మర్చిపోయేది అదే. వాళ్ల రెండో ప్రొడక్ట్‌ని బయట మామూలుగా కొని, బిల్లుతో సహా దాచి, అందులో మీ ఇంజిన్ ఉందని మీతో సంబంధం లేని నిపుణుడితో చూపించండి. మీ ఇంజినీరే విప్పి చూస్తే ఆ మాటకి అంత విలువ ఉండదు, పైగా విప్పి చూడటాన్ని నిషేధించే నిబంధన ఆ ప్రొడక్ట్ లైసెన్స్‌లో ఉందేమో కూడా లాయర్‌తో చూపించుకోవాలి.

ఆ తర్వాత ఆడిట్ క్లాజు వాడండి. రాయల్టీ ఒప్పందాల్లో ఇది దాదాపు ఎప్పుడూ ఉంటుంది: ఇన్ని రోజుల ముందు చెప్పి, స్వతంత్ర ఆడిటర్ని పంపి లెక్కలు చూడొచ్చు, తక్కువ కట్టింది 5 శాతం లాంటి గీత దాటితే ఆడిట్ ఖర్చు వాళ్లదే. కేసుకంటే ఇది చవక. వాళ్లు ఆడిట్‌కి ఒప్పుకుంటే మీకు అంకెలు దొరుకుతాయి, ఒప్పుకోకపోతే వాదనే అవసరం లేని స్పష్టమైన ఉల్లంఘన ఇంకొకటి చేతికొస్తుంది. నేనైతే ఉల్లంఘన నోటీసుకి ముందే ఆడిట్ అడుగుతాను, నోటీసు అందాక లెక్కలన్నీ లాయర్ల చేతుల మీదుగానే వస్తాయి కాబట్టి. ఇక్కడ మా పాత లాయర్ నాతో ఒప్పుకునేవాడు కాదు, రెండూ ఒకేరోజు పంపాలనేవాడు, ఆలస్యం అవుతుందని. ఆయన భయంలో అర్థం ఉంది. తాత్కాలిక ఇంజంక్షన్ కావాలంటే మీకు తొందర ఉందని కోర్టు నమ్మాలి, తెలిసి ఆరు నెలలు ఊరుకున్నవాడికి తొందరేమిటని అడుగుతారు. మీకు నిజంగా కావాల్సింది ఆ ప్రొడక్ట్ ఆగడమే అయితే ఆయన పద్ధతి, రావాల్సిన డబ్బు అయితే నా పద్ధతి. మీ ప్రశ్న చదివితే మీకు డబ్బే కావాలనిపించింది.

ఎంత వస్తుందంటే, అంకె చెప్పేవాణ్ణి నమ్మకండి. లెక్క ఎలా కడతారో మాత్రం చెప్పగలను. ఒప్పందం దారిలో, ఉల్లంఘన జరగకపోతే మీరెక్కడ ఉండేవారో అక్కడికి చేర్చడమే సూత్రం, అంటే రెండో ప్రొడక్ట్ ఎన్ని అమ్మారో అన్నిటికీ రాయల్టీ, వడ్డీ. పరోక్షంగా పోయిన వ్యాపారం కావాలంటే ఆ నష్టం ఒప్పందం రోజున ఇద్దరికీ ఊహకి అందేదై ఉండాలి, 1854 నాటి హ్యాడ్లీ, బాక్సెండేల్ తీర్పు నుంచి ఇంగ్లిష్ చట్టం దారిలో నడిచే దేశాలన్నీ ఇదే పట్టుకున్నాయి. పరిధి దాటారని తేలితే, ఆ రోజున వాళ్లొచ్చి సక్రమంగా అనుమతి అడిగి ఉంటే మీరిద్దరూ ఏ రేటుకి ఒప్పుకునేవారో ఊహించి కట్టే పద్ధతి ఉంది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2018లో వన్ స్టెప్ కేసులో ఈ రకం పరిహారానికి హద్దులు పెట్టింది, కానీ మేధోసంపత్తి లాంటి విలువైన హక్కుని వాడుకున్నప్పుడు ఇది నడుస్తుందని కూడా చెప్పింది. ఒప్పందంలో ఉల్లంఘనకి ఇంత అని మొత్తం ముందే రాసుకుని ఉంటే, అది మొత్తంగా వస్తుందనుకోకండి. ఉదాహరణకి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 కింద రాసుకున్న మొత్తం పైహద్దు మాత్రమే, కోర్టు ఇచ్చేది దానికి లోపల సమంజసమైన పరిహారం. అమెరికా చట్టం వర్తిస్తే కాపీరైట్ రిజిస్టర్ చేశారా చూసుకోండి, అక్కడ తయారైన కృతికి రిజిస్ట్రేషన్ పూర్తయితే గానీ ఉల్లంఘన దావా వేయలేరని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది.

వివాద పరిష్కారం క్లాజు కూడా నోటీసుకి ముందే చదవాలి. పై అధికారులు కూర్చుని మాట్లాడుకోవాలి, తర్వాత మధ్యవర్తిత్వం, తర్వాత ఆర్బిట్రేషన్ (కోర్టు బదులు ఇద్దరూ ఒప్పుకున్న తీర్పరి తేల్చడం) అని మెట్లు ఉంటే వాటిని దాటేసి కోర్టుకెళ్తే వెనక్కి పంపేస్తారు. ఎదుటివాళ్లు వేరే దేశంలో ఉంటే ఆర్బిట్రేషన్ మంచిదే, ఒక దేశపు ఆర్బిట్రేషన్ నిర్ణయాన్ని మరో దేశం అమలు చేయాలనే 1958 న్యూయార్క్ ఒప్పందంలో 170కి పైగా దేశాలు ఉన్నాయి కాబట్టి ఆ నిర్ణయాన్ని కోర్టు తీర్పుకంటే తేలిగ్గా అమలు చేయించుకోవచ్చు. ఇంకో సంగతి, మీ నోటీసు అందగానే తమకి లైసెన్స్ ఉందని ప్రకటించమంటూ వాళ్లే ముందు తమకి అనుకూలమైన కోర్టుకి వెళ్లొచ్చు. రాయల్టీ కడుతూనే అలా దావా వేయొచ్చని 2007లో మెడిమ్యూన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, అది పేటెంట్ లైసెన్స్. ఏ కోర్టు అన్నది ఒప్పందంలో గట్టిగా రాసుంటే ఈ భయం తక్కువ.

చివరికి ఇది రాజీలోనే ముగుస్తుందని నా నమ్మకం. చిన్న కంపెనీకి పెద్ద కేసు ఎంత కాలం పడుతుందో తెలియాలంటే, లైసెన్స్ ఒప్పందం ఉల్లంఘించారని 2003లో ఐబీఎం మీద ఎస్‌సీవో అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వేసిన దావా చూడండి, 2007లో ఎస్‌సీవో దివాలా తీసింది, కేసు మాత్రం 2021లో 1.425 కోట్ల డాలర్ల రాజీతో గానీ తెమల్లేదు. రాజీకి కూర్చున్నప్పుడు పాత బకాయి ఒక్కటే అడక్కండి. రెండో ప్రొడక్ట్‌కి కొత్త లైసెన్స్, దానికి ఎక్కువ రేటు, అనుబంధ సంస్థలకి కొత్త నిర్వచనం, ఏడాదికోసారి ఆడిట్ అడగండి. వాళ్లకి ప్రొడక్ట్ నుంచి ఇంజిన్ పీకేయడం ఎంత ఖర్చో మీ ఇంజినీర్లకి తెలుసు, మీ బేరం బలం అదే.

ఈలోగా ఒక పని చేయండి. మీ ప్రశ్నలో వాళ్ల మెయిల్‌ని, రాయల్టీ రేటుని యథాతథంగా పెట్టేశారు. దాదాపు ప్రతి లైసెన్స్ ఒప్పందంలోనూ గోప్యత క్లాజు ఉంటుంది, ఈ రెండూ దాని కిందకే వస్తాయి. ఏం రాశారో ఒక కాపీ తీసి మీ లాయర్‌కి ఇచ్చి, ఆ భాగాన్ని ఎలా తీసేయాలో కనుక్కుని ఈ రోజే తీసేయండి.